రహీం సాహెబ్: ఫుట్‌బాల్ నేర్పిన మన బడి పంతులు



ఇటువంటి సావనీరులలో మన ఖౌమ్ పెద్దల జీవితాలు వ్రాసేటప్పుడు సాధారణంగా నవాబుల పేర్లు, వకీళ్ల పేర్లు, షాయర్ల పేర్లు ముందు గుర్తుకు వస్తాయి. స్కూలు మాస్టరు పేరు ఎవరికీ గుర్తుకు రాదు. అందులోనూ డ్రిల్లు మాస్టరు పేరు అసలే రాదు. ఈసారి మేము అటువంటి ఒక మాస్టరు గురించి వ్రాయదలచుకున్నాము. ఆయనే మరహూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. హైదరాబాదులో పుట్టి, హైదరాబాదులో చదివి, హైదరాబాదు బడులలోనే పాఠాలు చెప్పి, భారతదేశ ఫుట్‌బాల్ జట్టును ఆసియా ఖండంలో రెండుసార్లు మొదటి స్థానంలో నిలబెట్టిన మనిషి. ఒలింపిక్ ఆటలలో మన దేశపు ఫుట్‌బాల్ జట్టు ఎన్నడూ చేరనంత ఎత్తుకు చేరింది కూడా ఆయన చేతి క్రిందనే.

2024లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అంతకు ముందు మన పిల్లలను రహీం సాహెబ్ ఎవరని అడిగితే చెప్పగలిగినవారు చాలా తక్కువ. పిల్లలను అని ఏం లాభం? పెద్దలమైన మనమే వారికి చెప్పలేదు. ఆ బాకీ కొంతైనా తీరాలని ఈ నాలుగు పేజీలు వ్రాస్తున్నాము.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17వ తేదీన జన్మించారు. ఆయనకు తొమ్మిదేళ్ల వయస్సులో, 1918లో, మన ఉస్మానియా యూనివర్సిటీ వెలసింది. ఈ యూనివర్సిటీ సంగతి మన ఉర్దూ మీడియం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు లేనిదే పెద్ద చదువు లేదని అందరూ అనుకునే రోజుల్లో, సైన్సు, లా, వైద్యం మొదలైన చదువులన్నీ ఉర్దూలో చెప్పి చూపించిన సంస్థ అది. రహీం సాహెబ్ ఆ ఉస్మానియాలోనే బి.ఎ. పూర్తి చేశారు. చదువుకునే రోజుల్లోనే యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవారు. ఆ తరువాత ఉస్మానియా పాత విద్యార్థులు, కొత్త విద్యార్థులు కలసి ఏర్పాటు చేసుకున్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టులోనూ, నగరంలో మంచి పేరున్న ఖమర్ క్లబ్బులోనూ ఆడారు. అంటే పుస్తకమూ బంతీ ఆయనకు ఒకేచోట అలవాటయ్యాయన్నమాట.

బి.ఎ. అయిన తరువాత ఆయన టీచరు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవీ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో ఒక సంవత్సరం వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చి, చివరి రెండు బడులలో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ రోజుల్లో ఉస్మానియా బి.ఎ. అంటే మామూలు సంగతి కాదు. ఆ డిగ్రీతో ఆఫీసులలో మంచి నౌకరీ దొరికేది. అటువంటిది, పట్టభద్రుడైన మనిషి విజిల్ మెడలో వేసుకుని ఎండలో పిల్లల వెంట పరుగెత్తే పనికి తానుగా పోయారు. మన ఇళ్లల్లో ఈనాటికీ డ్రిల్లు మాస్టరుకు, లెక్కల మాస్టరుకు ఇచ్చే మర్యాదలో ఎంత తేడా ఉందో మనకు తెలుసు. ఆ తేడాను రహీం సాహెబ్ లెక్కచేయలేదు. ఆటను కూడా ఒక సబ్జెక్టుగా, పాఠం వెనుక పాఠంగా చెప్పవచ్చునని ఆయన నమ్మారు.

1943 నుండి ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీగా ఉన్నారు. అప్పటి నగరంలో మొహల్లాల్లో క్లబ్బులు, సికింద్రాబాదు వైపు పల్టన్ల జట్లు, సాయంత్రమైతే ఫతే మైదాన్ వంటి చోట్ల ఆటలు. కుర్రాళ్లలో సత్తాకు కొదువ లేదు. కావలసినదల్లా ఆ సత్తాను ఒక క్రమంలో పెట్టే మనిషి. ఆ పని ఈయన చేపట్టారు.

తరువాత 1948 సెప్టెంబరు వచ్చింది. ఆ తరువాత నగరంలో మన కుటుంబాలకు ఎటువంటి గడ్డు రోజులు వచ్చాయో పెద్దలు ఎరుగుదురు, దాని వివరాలలోకి మేము పోవడం లేదు. తల ఎత్తుకుని నడవడానికి జనం వెనుకాడిన కాలమది. అటువంటి సమయంలో, 1950లో, రహీం సాహెబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడే ఆ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది, ఢిల్లీ వెళ్లి డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. అంతటితో ఆగలేదు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు మన పోలీసు జట్టుదే. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా ఒక్కటే అనే మాట అప్పటి నుండి మారిపోయింది. డ్యూరాండ్ కప్పు మళ్లీ 1954లోనూ 1957లోనూ వచ్చింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అనే కొత్త పేరుతో ఇంకొకసారి వచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57లోనూ, 1957-58లోనూ వెంట వెంట గెలిచింది.

ఈ కప్పుల లెక్క వెనుక ఇంకొక లెక్క ఉంది. పోలీసు జట్టులో చోటు దొరికిందంటే ఆ కుర్రవాడికి నౌకరీ దొరికినట్లే. నెల జీతం, యూనిఫారం, ఇంటికి ఒక ఆధారం. ఆట పేద ఇంటిలో పొయ్యి వెలిగించింది. దీన్ని మనవంటి వెల్ఫేర్ సొసైటీ వారు తప్పక గుర్తించాలి.

ఆయన నేర్పిన పద్ధతిని కొంచెం వివరిస్తాము. మాస్టరు పనిలో ఉన్నవారికి అందులో తెలుసుకోవలసినది ఉంది.

మన కుర్రాళ్లకు సహజంగా ఒక జబ్బు ఉండేది. బంతి కాలికి దొరికితే వదలరు. ఇద్దరిని ముగ్గురిని తప్పించి తానొక్కడే గోలు దాకా పోవాలని చూస్తారు. జనం చప్పట్లు కొడతారు, జట్టు మాత్రం ఓడిపోతుంది. రహీం సాహెబ్ దీనికి తిట్ల మందు వాడలేదు. డ్రిబ్లింగే చేయకూడదనే నిబంధనతో నగరంలో టోర్నమెంట్లు పెట్టించారు. బంతి రాగానే ఒక్క తాకుతో, లేదా రెండు తాకులతో, పక్కవాడికి అందించి తీరాలి. పక్కవాడు ఎక్కడున్నాడో ముందే చూసుకోని వాడు అక్కడ ఆడలేడు. అలా ఆడగా ఆడగా కుర్రాళ్లకు తనకన్నా జట్టు పెద్దదనే సంగతి చెప్పకుండానే ఒంటబట్టింది.

రెండవది ఇంకా గొప్పది. ప్రతి మనిషికీ ఒక కాలు చురుకు, ఒక కాలు మందం. అందరమూ చురుకైన కాలితోనే పని గడుపుకుంటాము. ఆయన మందమైన కాలితో మాత్రమే బంతి కొట్టాలనే టోర్నమెంట్లు కూడా నడిపించారు. మొదట్లో చూసేవారికి నవ్వు వచ్చి ఉంటుంది. కాని కొన్నాళ్లు అలా ఆడిన వాడికి రెండు కాళ్లూ ఒకటే అవుతాయి, ఎదుటివాడు ఏ వైపు కాపు కాయాలో తెలియక తికమకపడతాడు. ఇది ఫుట్‌బాల్ సంగతిగా కనబడుతుంది గాని, మా దృష్టిలో ఇది తాలీమ్ సంగతి. పిల్లవాడికి వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేయించి మెచ్చుకోవడం సులభం. రానిదాన్ని పట్టుకుని, అవమానం లేకుండా, ఆటలాగా చేయించడమే ఉస్తాదు పని.

మూడవది మనుషులను వెతకడం. తులసీదాస్ బలరాం అని సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ గ్రామపు పేద కుర్రవాడు. అతని ఆట చూసి రహీం సాహెబ్ హైదరాబాద్ జట్టు ఎంపికకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బు లేదు. సైకిలు అద్దెకు తీసుకోవడానికి రహీం సాహెబే డబ్బిచ్చి పిలిపించుకున్నారు. ఆ బలరామే తరువాత రెండు ఒలింపిక్సు ఆడి, దేశం చెప్పుకునే ఫార్వర్డులలో ఒకడయ్యాడు. 2023లో కన్నుమూసేవరకు రహీం సాహెబ్‌ను తన గురువుగానే తలచుకున్నాడు. సైకిలు అద్దె ఎంత ఉంటుంది? చిల్లర డబ్బులు. ఆ చిల్లర సమయానికి దొరకకపోతే బలరాం లేడు.

ఇక దేశపు జట్టు సంగతి. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. కోచ్ రహీం సాహెబ్, కెప్టెన్ శైలేన్ మన్నా. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవాళ్లు బంగారు పతకం తీసుకున్నారు. ఆ ఒక్క గోలు మేవాలాల్ కొట్టింది.

మరుసటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలింది. 1952 జూలైలో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 1-10తో ఓడిపోయారు. మన ఆటగాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. చలిదేశం, తడి నేల, ఎదురుగా బూట్లు వేసుకున్న బలమైన మనుషులు. పది గోల్లంటే ఏ కోచ్‌కైనా తలవంపులే. ఇటువంటి సమయంలో మనిషి రెండు పనులు చేయవచ్చు. వాతావరణం మీద, అదృష్టం మీద నెపం వేసి ఊరుకోవచ్చు. లేదా, ఫెయిలైన పేపరును తెరచి ఎక్కడ తప్పిందో చూసుకోవచ్చు. రహీం సాహెబ్ రెండవ దారి పట్టారు. ఆ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. ఈయన యూరప్ జట్ల ఆటను పరిశీలించి, సెంటర్ ఫార్వర్డును కొంచెం వెనక్కి జరిపి ఆడించడం వంటి కొత్త పద్ధతులను మన కుర్రాళ్ల ఒంటికి తగినట్లు మార్చుకుని నేర్పారు. ఒంటి బలంలో మనవాళ్లు తక్కువ కాబట్టి వేగంలో, పాసులలో ఎక్కువ కావాలన్నది ఆయన లెక్క.

నాలుగేళ్ల తరువాత, 1956 మెల్‌బోర్న్‌లో, ఆ లెక్కకు జవాబు వచ్చింది. డిసెంబరు 1వ తేదీన ఆస్ట్రేలియాను వారి దేశంలోనే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్లు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోల్లు కొట్టిన మొదటి ఆసియావాసి అతడే. సెమీఫైనలుకు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో ఎదురైనది ఎవరు? అదే యుగోస్లావియా. ఈసారి మొదటి సగంలో ఎవరికీ గోలు లేదు, రెండవ సగంలో ముందుగా గోలు కొట్టింది మనవాళ్లే. చివరకు 1-4తో ఓడిపోయినా, పది గోల్ల నాటి జట్టు కాదని ప్రపంచం చూసింది. మూడవ స్థానం ఆటలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచారు. ఆ జట్టులో మన హైదరాబాదు కుర్రాళ్లు గుంపుగా ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, బలరాం, జుల్ఫికారుద్దీన్, అహ్మద్ హుస్సేన్, గోల్‌కీపర్ తంగరాజ్, వీరంతా మన ఊరి మైదానాలలో ఎదిగినవారే.

1960 రోమ్ ఒలింపిక్సులో మనవాళ్లకు కష్టమైన గ్రూపు పడింది. హంగరీ చేతిలో 1-2తో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమానంగా ముగించి, పెరూ చేతిలో 1-3తో ఓడారు. ఆ జట్టులో రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. మన మామూలు ప్రపంచంలో తండ్రి అధికారి అయితే కొడుకుకు ముందు కుర్చీ. ఇక్కడ హకీం గారిని ఒక్క ఆటలో కూడా మైదానంలోకి దింపలేదు. హకీం గారు తరువాత భారత వైమానిక దళంలో అధికారిగా, అంతర్జాతీయ రెఫరీగా, కోచ్‌గా పేరు తెచ్చుకున్నారు. 2017లో ఆయనకు ధ్యాన్‌చంద్ అవార్డు లభించింది. 2021 ఆగస్టులో కాలం చేశారు.

ఆఖరి ఘట్టం జకార్తా, 1962 ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాహెబ్ ఆరోగ్యం దెబ్బతిని ఉంది. క్యాన్సరు ఆయన ఒంటిలో తన పని చేసుకుపోతున్నది. జట్టుకు కూడా ఆరంభం బాగా లేదు, మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. తరువాత థాయిలాండుపై 4-1తో, జపానుపై 2-0తో గెలిచారు. ఈలోగా ఫుల్‌బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో పడుకున్నాడు. బయట జనం మన దేశం మీద ఆగ్రహంతో ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడాధికారి ఒకరు విమర్శించారు. దాంతో నగరంలో గొడవలు లేచి, స్టేడియంలో మన జట్టు కనబడితే కేకలు, అరుపులు.

రహీం సాహెబ్ చేసిన ఏర్పాటు చూడండి. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్‌ను వెనుక ఆడించడం ప్రమాదం. అట్లాగని అంతటి ఆటగాణ్ణి కూర్చోబెట్టడమూ నష్టమే. అందుకని అతణ్ణి సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనలు 3-2తో గెలిచారు, అందులో ఒక గోలు జర్నైల్‌దే. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు, ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. ముందురోజు రాత్రి రహీం సాహెబ్ ఆటగాళ్లను పిలిచి, తనకు ఒక కానుక కావాలని, అది ఆ బంగారు పతకమని అడిగారని వారు జీవితాంతం చెప్పుకున్నారు. జ్వరం నుండి లేచి తంగరాజ్ గోలు దగ్గర నిలబడ్డాడు. మన హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు, బలరాం ఉన్నాడు, కెప్టెన్ చునీ గోస్వామి ఉన్నాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి, మొదటి ఇరవై నిమిషాలలోనే రెండు గోల్లు పడ్డాయి. కొరియా చివరలో ఒకటి తీర్చింది. 2-1. పది రోజుల క్రితం తమను ఓడించిన జట్టునే ఓడించి బంగారం తెచ్చారు. అంతటి స్టేడియం ఎదురు తిరిగి ఉండగా పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు వచ్చి మనవాళ్లకు చప్పట్లు కొట్టారని కూడా మన ఆటగాళ్లే చెప్పేవారు. జర్నైల్ సింగ్ చిన్నతనంలో విభజన సమయంలో సరిహద్దు దాటి వచ్చినవాడు. ముస్లిం, హిందూ, సిక్కు, క్రైస్తవ ఇళ్ల కుర్రాళ్లను ఒక హైదరాబాదు ముస్లిం టీచరు ఒకే జట్టుగా నడిపిన రోజది. దేశభక్తిని నిరూపించుకోవాలని ఎవరైనా అడిగితే మన పిల్లలు కోపం తెచ్చుకోనక్కరలేదు, ఈ కథ చెప్పితే చాలు.

జకార్తా నుండి వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11వ తేదీన, రహీం సాహెబ్ అల్లాహ్ సన్నిధికి చేరారు. వయస్సు యాభై మూడు సంవత్సరాలు. చివరి వరకు ఆయన పోలీసు జట్టుకు కోచే, అసోసియేషన్‌కు సెక్రటరీయే.

ఆయన పోయిన తరువాత ఏమైందో తెలిస్తేనే ఆయన విలువ తెలుస్తుంది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో మన హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా కాంస్యం వచ్చింది. కాని ఆసియా బంగారం 1962 తరువాత మరల రాలేదు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో 1960 తరువాత మన జట్టు అడుగే పెట్టలేదు. కోచ్‌లను గౌరవించే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలయింది, అప్పటికి ఈయన పోయి ఇరవై రెండేళ్లు. 1990లో ఆ అవార్డు నయీముద్దీన్ గారికి వచ్చినప్పుడు హైదరాబాదు ఫుట్‌బాల్‌కు కొంత న్యాయం జరిగిందని అనుకోవచ్చు. హైదరాబాదు మైదానాల పాత కళ మాత్రం తిరిగి రాలేదు.

ఇక మా సంగతి ఒకటి ఒప్పుకుని ముగిస్తాము. పరీక్షల ముందు బంతి పట్టుకుని తిరిగే పిల్లలను మేము కూడా మందలించిన వాళ్లమే, బంతి లాక్కుని బీరువాలో పెట్టిన వాళ్లమే. వారిలో కొందరు పదవ తరగతి గట్టెక్కలేదు, ఆ తరువాత ఆటకూ రాలేదు. గ్యారేజీలోనో దుకాణంలోనో కనబడి ఇప్పటికీ ఎంతో అదబుతో సలాం చేస్తారు. ఆ సలాం మాకు గుచ్చుకుంటుంది. వాళ్ల చురుకైన కాలు ఏదో మేము చూడలేదు, మందమైన కాలికి సాధన చేయించలేదు. మార్కులు మాత్రం లెక్కపెట్టాము. రహీం సాహెబ్ జీవితం చదివినకొద్దీ మాకు ఈ సంగతి తెలిసివచ్చింది.

కాబట్టి మన సొసైటీ పెద్దలకు మా మనవి ఒకటే. ఏటా స్కాలర్‌షిప్పుల జాబితా తయారుచేసేటప్పుడు మొదటి మార్కుల పిల్లలతోపాటు, సైకిలు అద్దె లేక మైదానానికి రాలేని పిల్లవాణ్ణి, ఒక్క సబ్జెక్టులో వెనుకబడి బడి మానేయబోతున్న పిల్లను కూడా వెతకండి. తల్లిదండ్రులు కూడా సాయంత్రం ఒక గంట పిల్లలను మైదానానికి పంపండి, చదువు ఎక్కడికీ పోదు. పది గోల్లతో ఓడిన జట్టును నాలుగేళ్లలో ఒలింపిక్ సెమీఫైనలుకు తీసుకుపోయిన ఉస్తాదు మన ఊరివాడే, మన భాషలోనే చదివినవాడే.

అల్లాహ్ మరహూం రహీం సాహెబ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక, జన్నతులో ఉన్నత స్థానం ఇచ్చుగాక. మన పిల్లలకు అటువంటి ఉస్తాదులను, ఉస్తాదులమైన మాకు ఆయన ఓపికలో కొంతభాగాన్ని అనుగ్రహించుగాక. ఆమీన్.